ఉప్పునీటి ఆక్వేరియంలో పరాన్నజీవుల బెడద: విశాఖ ఇళ్లలో ఎలా వదిలించుకోవాలి

ఉప్పునీటి ఆక్వేరియంలో చేపలు ఎక్కువగా చనిపోయేది జబ్బు బయటపడిన రోజున కాదు, జబ్బు తగ్గిపోయిందని ఇంటివారు నమ్మిన తరువాత. చేప ఒంటి మీద ఉప్పు రేణువంత తెల్లమచ్చలు కనిపిస్తాయి. దుకాణంలో ఇచ్చిన నీలం రంగు మందు నాలుగు చుక్కలు వేస్తారు. నాలుగైదు రోజులకు మచ్చలు రాలిపోతాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ మచ్చలు మందు వల్ల రాలవు. చేప చర్మం కింద తిని బలిసిన పరాన్నజీవి తన పని ముగించుకుని కిందికి దిగి, రాయి మీదో ఇసుకలోనో గట్టి పొర కట్టుకుని, ఆ పొర లోపల తనను తాను వందలుగా విభజించుకుంటూ ఉంటుంది. అవన్నీ బయటికి ఈదివచ్చే నాటికి ట్యాంకులో ఏ ఒక్క చేపకూ తప్పించుకునే చోటు ఉండదు.

అందుచేత ఇక్కడ చెప్పబోయే పద్ధతి రెండు విషయాల మీద నిలబడి ఉంది. మందు వేయవలసింది చేపలకు గానీ రాళ్లు, పీతలు, మెత్తని పగడాలు ఉన్న ప్రధాన ట్యాంకుకు కాదు కాబట్టి వైద్యం ఎప్పుడూ వేరే ట్యాంకులోనే జరగాలి. ఎన్ని రోజులు జరగాలన్నది చేప ఎంత హుషారుగా ఉందన్న దాన్ని బట్టి కాకుండా, పరాన్నజీవి జీవితచక్రం ఎంత సాగుతుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఈ రెండింటిలో ఏది సడలినా మిగిలిన శ్రమ అంతా వృథా అవుతుంది.

ముందు నీటిని, తరువాత చేపను చూడండి

చేప నీటి పైకి వచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతుంటే వెంటనే పరాన్నజీవి అని తీర్మానించకండి. అమోనియా పరీక్ష చేయండి, ఉష్ణోగ్రత చూడండి. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో చల్లదనం ఏర్పాటు లేని ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటిపోవడం మామూలే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది గనుక ఆరోగ్యంగా ఉన్న చేప కూడా అలాగే రొప్పుతుంది. అమోనియా లేదు, నీరు 26 నుంచి 28 డిగ్రీల మధ్యే ఉంది, అయినా చేప రొప్పుతోంది అంటే అప్పుడు మొప్పలను అనుమానించాలి.

మొప్పల కదలికను కంటితో అంచనా వేయడం కంటే ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకుని లెక్కపెట్టడం మేలు. ఇంకా మంచిది, మీ చేపలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక్కొక్కటీ నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడిస్తుందో లెక్కపెట్టి గోడ కేలండర్ మీద రాసుకోవడం. ఒంటి మీద ఏ మచ్చా కనిపించకముందే ఆ సంఖ్య పెరగడం మొదలవుతుంది, ఎందుకంటే చాలా పరాన్నజీవులు ముందుగా పట్టుకునేది మొప్పలనే.

ఒంటిని చూడవలసిన సమయం తెల్లవారుజాము. ట్యాంకు లైట్లు వేయకుండా టార్చిలైటును పక్క నుంచి, చేప ఒంటికి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఎదురుగా వేసిన వెలుగులో కనిపించని పొడి పక్క వెలుగులో స్పష్టంగా తేలుతుంది. రెక్కల అంచులు, కన్ను చుట్టూ, మొప్ప మూత వెనుక భాగం జాగ్రత్తగా చూడండి. ఒకే రోజు చూసి వదిలేయకుండా ఉదయం, సాయంత్రం చూసి తేడా రాసుకోండి. కింద చెప్పబోయే వెల్వెట్ అనే జబ్బు అనుమానం ఉంటే మాత్రం సాయంత్రం దాకా కూడా ఆగకండి.

ఏ పరాన్నజీవో గుర్తించడం

మందులన్నీ అన్నింటికీ పనిచేయవు గనుక గుర్తింపులో తొందరపడకూడదు. అందరికీ తెలిసిన తెల్లమచ్చల జబ్బుకు కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. దీన్ని మన ఆక్వేరియం వాళ్లు ఇక్ అంటారు. మచ్చలు విడివిడిగా, చర్మం నుంచి కొద్దిగా పైకి ఉబికి, ఒక్కొక్కటి వేలితో లెక్కపెట్టగలిగేటట్టు ఉంటాయి. మంచినీటి చేపలకు వచ్చే ఇక్ పూర్తిగా వేరే జీవి, కాబట్టి గోల్డ్ ఫిష్‌కు పనిచేసిన వేడి, ఉప్పు చిట్కాలు ఇక్కడ పనికిరావు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసేవారు వైట్ స్పాట్ అనగానే రొయ్యల వైరస్ గురించి చెబుతారు. దానికీ దీనికీ ఎలాంటి సంబంధమూ లేదు.

రెండోది వెల్వెట్, అంటే అమైలోఊడినియం ఒసెల్లేటం. మచ్చలుగా కాక, చాలా సన్నని, లేత బంగారు రంగు పొడి చల్లినట్టు చేప ఒళ్లంతా మసకబారుతుంది. చేప వెలుగుకు దూరంగా నక్కుతుంది, లేదా పవర్‌హెడ్ (ట్యాంకులో నీటిని తిప్పే చిన్న మోటారు) నుంచి వచ్చే ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి అక్కడే నిలుస్తుంది, తిండి మానేస్తుంది. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే మచ్చలు ఉన్నా లేకపోయినా వెల్వెట్ అనే భావించి కదలండి. ఇక్ వారాలు తీసుకుంటే, ఇది రెండు మూడు రోజుల్లో ట్యాంకు మొత్తాన్ని ఖాళీ చేయగలదు.

క్లౌన్ ఫిష్ ఒంటి నుంచి తెల్లని జిగురు పొరలు పొరలుగా ఊడి వేలాడుతుంటే అది బ్రూక్లినెల్లా. సముద్రం నుంచి పట్టి తెచ్చిన క్లౌన్ ఫిష్‌లో ఇది ఎక్కువ, హేచరీలో పుట్టిపెరిగిన వాటిలో తక్కువ. ఆకుపచ్చ క్రోమిస్ చేప పక్క భాగంలో ఎర్రగా కమిలిన పుండు కనిపిస్తే యూరోనెమాను అనుమానించాలి. చేప మాటిమాటికీ రాతికి ఒళ్లు రుద్దుకుంటూ, తల విదిలిస్తూ, కన్ను మసకబారుతుంటే అవి ఫ్లూక్స్ అనే చదునైన పురుగులు. ఇవి పారదర్శకంగా ఉండటం వల్ల కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నవి కూడా చేప ఒంటి మీద మన కంటికి ఆనవు.

వీటన్నింటి కంటే పెద్దది, సులువుగా కనిపించేది ఐసోపాడ్. ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు కొని మొప్పలు విప్పి చూసిన వారికి లోపల అతుక్కుని ఉన్న లేత రంగు, కాళ్ల పురుగు ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. ఆ జాతివే ఆక్వేరియం చేపల మీదా పడతాయి. తడి గుడ్డలో చేపను పట్టుకుని ఫోర్సెప్స్‌తో నెమ్మదిగా ఊడదీస్తే సరిపోతుంది, మందు అక్కర్లేదు.

వీలైతే కాలేజీ పిల్లలు వాడే సాధారణ మైక్రోస్కోప్ ఒకటి కొనుక్కోండి. గాజు పలక అంచుతో చేప ఒంటి జిగురును సుతారంగా ఒక్కసారి తీసి, ట్యాంకు నీటి చుక్క వేసి 100 రెట్లలో చూస్తే ఊహాగానం అవసరం ఉండదు. ముదురు రంగులో గుండ్రంగా నెమ్మదిగా తిరుగుతూ ఉండేది ఇక్. కదలకుండా బేరి పండు ఆకారంలో ఉండేవి వెల్వెట్. కొక్కేలతో అతుక్కుని సాగుతూ ముడుచుకుంటూ ఉండేవి ఫ్లూక్స్. ఈ ఒక్క పరికరం ఎన్ని మందు సీసాల ఖర్చును మిగులుస్తుందో చెప్పలేను.

వైద్యపు ట్యాంకు సిద్ధం చేయడం

ఇది ఖరీదైన పని కాదు. రెండడుగుల సాదా గాజు ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్, హీటర్ లేదా చల్లబరిచే ఫ్యాన్, చేపలు దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. ఇసుక వేయకండి, లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాయి) పెట్టకండి. ఈ రెండూ సున్నపు పదార్థం గనుక మందుగా వేసే రాగిని పీల్చుకుని మందు మోతాదును మీకు తెలియకుండా తగ్గిస్తాయి. స్పాంజిని ముందుగానే ప్రధాన ట్యాంకు సంప్‌లో (ట్యాంకుకు కలిపి ఉండే ఫిల్టరు తొట్టిలో) వేసి ఉంచుకుంటే అమోనియాను తినే బ్యాక్టీరియా అందులో స్థిరపడి ఉంటుంది. కానీ జబ్బు వచ్చాక ఆ సంప్ నుంచే స్పాంజి తెస్తే దానితో పాటు పరాన్నజీవి గట్టి పొర కట్టుకున్న గుల్లలూ వస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు జబ్బు రాకముందే ఉండాలి.

నీటి పరిమాణాన్ని కచ్చితంగా లెక్కకట్టండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్యాంకులో 30 సెంటీమీటర్ల ఎత్తు నీరుంటే 54 లీటర్లు. ఆ సంఖ్యను గాజు మీద మార్కర్‌తో రాసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మన ఉక్కపోతలో, ఫ్యాన్ గాలికి నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరైనది నీరే గానీ మందు కాదు కాబట్టి, మట్టం తగ్గితే మోతాదు పెరిగినట్టే. ప్రతి ఉదయం ఆర్‌ఓ నీటితో గీత వరకు నింపండి.

వైద్యపు ట్యాంకును ప్రధాన ట్యాంకుకు కనీసం 3 మీటర్ల దూరంలో, వీలైతే వేరే గదిలో పెట్టండి. గాలి బుడగలు పగిలినప్పుడు ఎగిరే సన్నని తుంపరలతో వెల్వెట్ ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు చేరగలదు. వలలు, బకెట్లు, గొట్టాలు ఏ ట్యాంకువి ఆ ట్యాంకుకే ఉండాలి. చేతులు కూడా కడుక్కుని తుడుచుకున్న తరువాతే రెండో దాంట్లో పెట్టాలి.

ఇక్‌కు రాగి వైద్యం

ఇక్ జీవితంలో నాలుగు దశలున్నాయి. చేప మీద 3 నుంచి 7 రోజులు తింటుంది. తరువాత చేపను వదిలి కొన్ని గంటలు అడుగున పాకుతుంది. ఆపైన గట్టి గుల్లగా మారుతుంది. ఈ గుల్లలు 3 రోజుల తరువాత విచ్చుకోవడం మొదలై, చాలా వరకు నాలుగు వారాల్లోపు విచ్చుకుంటాయి గానీ 72 రోజుల వరకు ఆగినవి కూడా నమోదయ్యాయి. ఒక గుల్ల నుంచి రెండు మూడు వందల దాకా పిల్లలు ఈదివస్తాయి. అవి ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. రాగి పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చేప చర్మం కింద ఉన్నప్పుడు గానీ, గుల్లలో ఉన్నప్పుడు గానీ ఏ మందూ దాన్ని అందుకోలేదు. రాగి మోతాదు ఒక్క పూట పడిపోయినా ఆ పూట విచ్చుకున్న గుల్ల మళ్లీ చక్రాన్ని మొదలుపెడుతుంది. రాగి మోతాదును 30 రోజులు పట్టుదలగా నిలపాలనేది ఇందుకే.

మీ చేతిలోని సీసా మీద చీలేటెడ్ కాపర్ అని ఉందా, అయానిక్ కాపర్ అని ఉందా అన్నది ముందు చూడండి, ఎందుకంటే రెండింటి లక్ష్యాలూ చాలా దూరం. చీలేటెడ్ రకానికి లీటరుకు 2.0 నుంచి 2.5 మిల్లీగ్రాములు. క్యూప్రమీన్ వంటి అయానిక్ రకానికి 0.5 మిల్లీగ్రాములు. ఒకదాని లెక్కను మరొకదానికి వాడితే చేపలు బతకవు. చెరువుల్లో వాడే మైలుతుత్తం తెచ్చి చిటికెడు వేయమనే సలహాను దయచేసి పాటించకండి. అది ఉప్పునీటిలో త్వరగా అడుగుకు దిగిపోతుంది, స్థాయి గంటగంటకూ మారుతుంది. చేపకు విషం కావడానికీ పరాన్నజీవిని వదిలేయడానికీ మధ్య ఉన్న సన్నని దారి మీద దాన్ని నిలబెట్టడం ఇంట్లో సాధ్యం కాదు.

మందును ఒకేసారి పోయకుండా రెండు మూడు రోజుల్లో మెట్లుగా లక్ష్యానికి చేర్చండి. చేప రాగికి అలవాటు పడటానికి ఆ వ్యవధి కావాలి. వెల్వెట్ అయితే అంత సమయం ఉండదు, ఒక రోజులోనే చేర్చవలసి వస్తుంది. లక్ష్యానికి చేరాక ప్రతిరోజూ ఒకే వేళకు రాగిని కొలవండి. రంగు కార్డుతో పోల్చే పరీక్షలు చీలేటెడ్ రాగికి నమ్మదగినవి కావు. హన్నా కంపెనీ డిజిటల్ కాపర్ మీటరు వంటిది వాడితే సంఖ్య నేరుగా తెలుస్తుంది. నీరు మార్చినప్పుడు కొత్త నీటికి అదే మోతాదు రాగిని బకెట్‌లోనే కలిపి తరువాత పోయండి.

అమోనియా పెరిగితే నీరు మార్చడమే మార్గం. అమోనియాను కట్టేసే సీసా మందులు రాగితో కలిస్తే రాగిని ఇంకా విషపూరితంగా మారుస్తాయి కాబట్టి ఆ రెండింటినీ ఎన్నడూ కలపవద్దు. రాగి మొదలుపెట్టిన తరువాత చేప రెండు రోజులు తిండి తగ్గించడం సహజం. నాలుగో రోజుకూ నోట పెట్టకపోతే మోతాదును కింది హద్దుకు దించి చూడండి. మాండరిన్, కొన్ని రాస్, మరుగుజ్జు ఏంజెల్ జాతులు రాగిని తట్టుకోవడం కష్టం. సొర, టేకు జాతి చేపలకు రాగి అసలే వాడకూడదు.

రాగి కొలిచే మీటరు లేనివారికి

ఈ మార్గం నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే ఇందులో మందే లేదు. పరాన్నజీవి చేపను వదిలిన తరువాత కనీసం 3 రోజుల దాకా గుల్ల విచ్చుకోదు కాబట్టి, చేపను 72 గంటలు దాటకుండా కొత్త ట్యాంకుకు మారుస్తూ పోతే రాలిన గుల్లలన్నీ వెనుక ట్యాంకులోనే మిగిలిపోతాయి. మొదటి రోజు, నాలుగో రోజు, ఏడో రోజు, పదో రోజు కొత్త పాత్రలోకి మార్చి, పదమూడో రోజున శుభ్రమైన ట్యాంకులోకి చేరిస్తే చేప మీద ఇక్ ఉండదు.

గాజు ట్యాంకులే కావాలని లేదు. పూర్ణా మార్కెట్‌లో దొరికే మూతగల పెద్ద ప్లాస్టిక్ టబ్బులు రెండు చాలు. ఒకటి వాడుతుండగా రెండోదాన్ని, దానితో పాటు ఎయిర్ స్టోన్, గొట్టం, పైపు ముక్కలు అన్నీ మంచినీటితో కడిగి ఎండలో చెమ్మ లేకుండా ఆరబెట్టాలి. ఆరడమే ఇక్కడ మందు. వర్షాకాలంలో మన గాలిలోని తేమకు గొట్టం లోపలి భాగం రెండు రోజులకూ ఆరదు కాబట్టి ఆ నెలల్లో రెండో జత గొట్టాలు, స్టోన్లు ఉంచుకోండి. మార్చేటప్పుడు చేపతో పాటు పాత నీరు వీలైనంత తక్కువ వెళ్లాలి. కొత్త నీటి ఉప్పుదనం, ఉష్ణోగ్రత పాతదానితో సరిగ్గా సరిపోవాలి, లేకపోతే అన్నిసార్లు మార్చడం చేపకు దెబ్బ.

ఈ పద్ధతి ఇక్‌కు మాత్రమే. వెల్వెట్‌కు, బ్రూక్లినెల్లాకు ఇది సరిపోదు.

ఉప్పుదనాన్ని 1.009 సాంద్రతకు తగ్గించి వారాల తరబడి ఉంచే పద్ధతి కూడా ఇక్‌కు ఉంది గానీ, ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును సరిచూసుకోకపోతే 1.011 దగ్గర ఆగి ఏ ఫలితమూ రాదు. పీహెచ్ కూడా పడిపోతుంటుంది. వెల్వెట్ తక్కువ ఉప్పులో కూడా నిక్షేపంగా బతుకుతుంది కాబట్టి గుర్తింపు పొరపాటైతే చేపలన్నీ పోతాయి. నేను దీన్ని ఎవరికీ మొదటి మార్గంగా చెప్పను.

వెల్వెట్, బ్రూక్లినెల్లా

వెల్వెట్ అని అనుమానం రాగానే చేపకు మంచినీటి స్నానం చేయించండి. అది జబ్బును నయం చేయదు, మొప్పల మీది బరువును కొంత దించి మీకు కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది. ఆర్‌ఓ నీటిని ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్‌ను 8.2 దగ్గరికి సరిచేసి, అరగంట గాలి బుడగలు ఆడించి, అందులో చేపను 5 నిమిషాలు ఉంచండి. మున్సిపాలిటీ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి నేరుగా వాడకూడదు. చేప మొదట గిలగిలలాడి తరువాత సర్దుకుంటుంది. ఒరిగిపోయి కదలిక మానేస్తే సమయం కాకపోయినా తీసేయండి. స్నానం అయ్యాక నేరుగా రాగి ఉన్న వైద్యపు ట్యాంకులోకి. రాగిని తట్టుకోలేని చేపలకు క్లోరోక్విన్ ఫాస్ఫేట్ ఉంది గానీ అది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. పశువైద్యుని సలహా లేకుండా దాని జోలికి వెళ్లవద్దు.

బ్రూక్లినెల్లాకు రాగి పనిచేయదు, ఫార్మాలిన్ కావాలి. 37 శాతం ఫార్మాలిన్‌ను 10 లీటర్ల ఉప్పునీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, గాలి బుడగలు ధారాళంగా ఆడిస్తూ, చేపను 30 నుంచి 45 నిమిషాలు ఉంచి శుభ్రమైన ట్యాంకులోకి మార్చండి. సీసా అడుగున తెల్లని మడ్డి పేరుకుని ఉంటే ఆ ఫార్మాలిన్ చేపలకు తీవ్రమైన విషం, వాడకండి. మనకూ అది క్యాన్సర్ కారకమే కాబట్టి చేతులకు గ్లవ్స్ వేసుకుని, వంటింటికి దూరంగా, బాల్కనీలోనో డాబా మీదో ఈ పని చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. యూరోనెమా పుండు లోపలి కండ దాకా వెళ్లిన చేపను బతికించడం చాలా అరుదు. ఆ జీవికి చేప లేకపోయినా కుళ్లిన పదార్థం చాలు గనుక ట్యాంకు అడుగు శుభ్రంగా ఉంచడమే మిగిలిన చేపలకు రక్ష.

ఫ్లూక్స్

పైన చెప్పిన మంచినీటి స్నానమే వీటికి పరీక్ష కూడా. అడుగు నల్లగా ఉన్న పాత్రలో స్నానం చేయిస్తే పారదర్శకంగా ఉన్న పురుగులు తెల్లబడి రాలి, నలుపు మీద స్పష్టంగా కనిపిస్తాయి. అవి కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ వాడాలి. మోతాదు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే పైన లెక్కకట్టిన 54 లీటర్ల ట్యాంకుకు 135 మిల్లీగ్రాములు. అది నీటిలో సులువుగా కరగదు, మెత్తగా నూరి చిన్న సీసాలో ట్యాంకు నీటితో చాలాసేపు గిలకొట్టి పోయండి. కుక్కల నులిపురుగుల మాత్రల్లో ప్రాజిక్వాంటెల్‌తో పాటు వేరే మందులూ కలిసి ఉంటాయి, అవి వద్దు.

మందు ఫ్లూక్స్ గుడ్లను చంపదు. కాబట్టి వారం తరువాత రెండో మోతాదు, మరో వారానికి మూడోది వేయాలి. మోతాదుకూ మోతాదుకూ మధ్య సగం నీరు మార్చాలి. ప్రాజిక్వాంటెల్ వేశాక నీరు మసకబారి ఆక్సిజన్ పడిపోవడం తరచూ జరుగుతుంది గనుక ఆ రాత్రి రెండో ఎయిర్ స్టోన్ తప్పనిసరిగా పెట్టండి.

ప్రధాన ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచడం

చేపలన్నీ వైద్యపు ట్యాంకుకు వచ్చాక ప్రధాన ట్యాంకులోని గుల్లలు విచ్చుకుంటూనే ఉంటాయి, వాటికి చేప దొరకదు, చచ్చిపోతాయి. 72 రోజుల దాకా ఆగే గుల్లలున్నాయి గనుక 76 రోజులు ఉంచడం క్షేమం. మార్చి 1న చివరి చేపను తీస్తే మే 16న తిరిగి వేయవచ్చు. చివరి చేప అన్న మాట ముఖ్యం. రాళ్ల సందులో ఒక చిన్న గోబీ చేప మిగిలిపోయినా లెక్క మొదటికి వస్తుంది. దొరకని చేప కోసం రాత్రి లైట్లు ఆర్పిన గంటకు ఎర్రని కాగితం చుట్టిన టార్చితో వెతకండి, నిద్రలో ఉన్న చేప వలలోకి తేలికగా వస్తుంది. అప్పటికీ కాకపోతే రాళ్లన్నీ బకెట్లలోకి తీయక తప్పదు.

పీతలు, నత్తలు, రొయ్యలు, మెత్తని పగడాలు ఈ పరాన్నజీవులకు ఆతిథ్యం ఇవ్వవు కాబట్టి అక్కడే ఉండవచ్చు. ఈ రోజుల్లోనూ రెండు మూడు రోజులకొకసారి చిటికెడు మేత వేస్తే బ్యాక్టీరియా, పీతలు బతుకుతాయి. యూవీ స్టెరిలైజరు ఈదే పిల్లల సంఖ్యను తగ్గిస్తుంది గానీ తుడిచిపెట్టలేదు, కాబట్టి దాని ధైర్యంతో ఒక్క రోజు కూడా తగ్గించకండి. వెల్లుల్లి రసం చేపకు ఆకలి పుట్టిస్తుందేమో గానీ ఏ పరాన్నజీవినీ చంపదు. పసుపు, వేపాకు నీటిని పాడుచేస్తాయి. క్లీనర్ ష్రిమ్ప్ చర్మం కింద ఉన్న ఇక్‌ను తినలేదు.

ఒక స్థానిక హెచ్చరిక చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత మన ఊళ్లో చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. రాగి ఉన్న, చేపలు కిక్కిరిసిన చిన్న ట్యాంకుకు గాలి బుడగలు ఆగితే కొన్ని గంటల్లోనే ప్రమాదం. అక్టోబరు, నవంబరు నెలల్లో వైద్యం చేయవలసి వస్తే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు రెండు సిద్ధంగా ఉంచుకున్నాకే మొదలుపెట్టండి.

కొత్తవి తెచ్చేటప్పుడు, సముద్రపు నీరు వాడేటప్పుడు

దుకాణం నుంచి తెచ్చిన ప్రతి చేపనూ, ఎంత నిగనిగలాడుతున్నా, వైద్యపు ట్యాంకులో 30 రోజులు ఉంచాకే ప్రధాన ట్యాంకులోకి పంపండి. చాలా దుకాణాల్లో వరుస ట్యాంకులన్నింటికీ ఒకే నీరు తిరుగుతుంది కాబట్టి మీరు కొన్న చేప పక్క ట్యాంకులోని జబ్బును కూడా వెంట తెస్తుంది. పాలిథిన్ సంచి నీటిని సింకులో పారబోయండి, ట్యాంకులో పోయకండి. నత్తకు, పీతకు జబ్బు రాదు గానీ వాటి డొప్పకు గుల్లలు అంటుకుని రావచ్చు. వాటినీ చేపలు లేని ట్యాంకులో అదే 76 రోజులు ఉంచగలిగితే మంచిది.

సముద్రం పక్కనే ఉన్న ఊరు కావడంతో మనకు రెండు ఆశలు కలుగుతాయి. మొదటిది రుషికొండ, తెన్నేటి పార్కు రాళ్ల గుంటల నుంచి చిన్న చేపలు, రాళ్లు తెచ్చుకోవడం. ఆ చేపల మీద ఏ పరాన్నజీవి ఉందో తెలియదు, వాటి చోటు వాటికి ఉంది. పైగా గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, వాటిని తీయడం నేరం. రెండో ఆశ నీరు. హార్బరు చుట్టుపక్కల, గెడ్డలు కలిసే చోట నీరు తీసుకోకండి. వానల చివర, ఆ తరువాతి నెలల్లో నదుల నీరు కలిసి తీరం వెంబడి ఉప్పుదనం తగ్గిపోతుంది కాబట్టి కొలవకుండా వాడకండి.

తప్పనిసరిగా సముద్రపు నీరే వాడవలసి వస్తే ముందుగా 5 మైక్రాన్ల కార్ట్‌రిడ్జ్ గుండా వడకట్టండి. ఇక్ ఈదే పిల్ల 20 నుంచి 70 మైక్రాన్లు, గుల్ల అంతకు ఎన్నో రెట్లు గనుక ఆ వడపోతలోనే ఆగిపోతాయి. తరువాత హేచరీల్లో చేసినట్టే లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ వచ్చేలా హైపోక్లోరైట్ కలిపి ఒక రోజు గాలి ఆడించి, సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, క్లోరిన్ పరీక్షలో సున్నా వచ్చిన తరువాతే వాడండి. ఇంత శ్రమ కంటే ఆర్‌ఓ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవడం సులువని నా అభిప్రాయం.

వైద్యం ముగిశాక రాగి, ఫార్మాలిన్ కలిసిన నీటిని మొక్కలకు గానీ, గెడ్డలోకి గానీ, బీచ్‌లో గానీ పోయకండి. ఇంటి మరుగుదొడ్డిలో ధారాళంగా నీళ్లతో వదలండి. జబ్బు చేప బతకదని తెలిసినా సముద్రంలో వదలకండి. దుకాణం చేప దూరప్రాంతం నుంచి వచ్చినది, దాని మీది పరాన్నజీవి కూడా అక్కడిదే. చనిపోయిన చేపను కాగితంలో చుట్టి ఇంటి పెరట్లోనో పూలకుండీలోనో లోతుగా పూడ్చి, వాడిన వల, టబ్బు, గొట్టాలన్నింటినీ బ్లీచింగ్ పౌడరు నీటిలో ఒక పూట నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఎండిన తరువాతే లోపల పెట్టండి.